పొసగదు, పడదు, గిట్టదు, నప్పదు: ఎక్కడ ఏ మాట వాడాలి

విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర మీదికి జాకెట్టు గుడ్డ చూస్తున్నావిడ "ఇది నప్పలేదండీ" అంటుంది. గుంటూరు మిర్చి యార్డులో రైతు "ఆ ధరకు గిట్టదు" అంటాడు. డాక్టరు ముందు కూర్చున్నాయన "నాకు సల్ఫా మందులు పడవండీ" అని ముందే చెబుతాడు. ఇంట్లో పెద్దవాళ్ళు "వాళ్ళిద్దరికీ పొసగదు" అని గొంతు తగ్గిస్తారు. నాలుగు చోట్లా రెండు కలవని సంగతే. అయినా ఒకరి మాట ఇంకొకరి నోట పెడితే నిలవదు. "ఆ ధరకు నప్పదు" అనే రైతు లేడు, "ఈ గుడ్డకు పొసగదు" అని కొట్టు దిగిపోయే ఆవిడా లేదు.

ఇవే సంగతులు కాగితం మీదికి వచ్చేసరికి నాలుగు మాటలూ పక్కకు తప్పుకుంటాయి, "విరుద్ధం" ఒక్కటే మిగులుతుంది. అభిప్రాయాలు విరుద్ధం, రంగులు విరుద్ధం, లెక్కలు విరుద్ధం, మనుషులు విరుద్ధం. చదివేవాడికి ఏదో తేడా ఉందని తెలుస్తుంది, ఎలాంటి తేడానో తెలియదు. నోటితో ఇంత కచ్చితంగా మాట్లాడే జాతి రాతలో ఇంత మొద్దుగా రాయాల్సిన పని లేదు.

మాట ఎంచుకునే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. కలవనివి మనుషులా, వస్తువులా, మాటలా? ఆ కలవకపోవడం రెండు వైపులా ఉందా, ఒక వైపు నుంచేనా? ఊరికే కలవలేదా, లేక కలిపినందుకు చెడు జరిగిందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే మాట దానంతటదే నోటికొస్తుంది.

పొసగు

ముందుగా దీని సంగతి వివరంగా చూద్దాం, ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. పొసగు అంటే అమరడం, ఇమడడం, తగినట్టు ఉండడం. పాత పుస్తకాల్లో పొసఁగు అని అరసున్నతో కనిపిస్తుంది. పద్యాల్లో "పొసఁగ" అని వస్తే "తగినట్టుగా, చక్కగా" అని అర్థం. అప్పట్లో అది మంచి మాట. ఇవాళ వాడుకలో దాని వ్యతిరేక రూపమే బతికుంది. "వాళ్ళిద్దరికీ బాగా పొసగుతుంది" అనేవాళ్ళు అరుదు. మంచి చెప్పాలంటే "బాగా కుదిరింది", "ఇద్దరికీ బాగా పడుతుంది" అంటాం. కాబట్టి పొసగు రాయబోతున్నారంటే చాలావరకు పొసగకపోవడం గురించే రాస్తున్నారు.

మనుషుల గురించి అయితే "కి" లేక "కు" చేర్చాలి, క్రియ ఏకవచనంలో ఉండాలి. "అన్నదమ్ములకు పొసగదు." "తోటికోడళ్ళకు పొసగడం లేదు." "అన్నదమ్ములు పొసగరు" అని రాస్తే తెలుగు కాదు. పదిమంది ఉన్నా "పదిమందికీ పొసగదు" అనే అంటాం, ఎందుకంటే పొసగనిది మనుషులు కాదు, వాళ్ళ మధ్య సఖ్యత.

వస్తువులు, మాటలు, వాదనల దగ్గర వాక్యం కట్టు మారుతుంది. అక్కడ "కి" అక్కర్లేదు, వచనం కూడా పాటించాలి. "ఈ రెండు వాదనలూ పొసగవు." "సాక్షి ఇప్పుడు చెబుతున్నది మొదట చెప్పినదానితో పొసగదు." ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి చూపేటప్పుడు "తో" వస్తుంది.

కాలం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. "పొసగదు" అంటే స్వభావమే అంత, ఎప్పటికీ అంతే అని. "పొసగడం లేదు" అంటే ఈమధ్య, ఇప్పుడు. "పొసగలేదు" అంటే అయిపోయిన ముచ్చట. "భాగస్వాములకు పొసగలేదు, కొట్టు విడగొట్టుకున్నారు" అన్నది జరిగిన సంగతి. పోయిన నెల మాటా మాటా అనుకున్న ఇద్దరి గురించి "వారికి పొసగదు" అని అచ్చేస్తే వాళ్ళు జన్మలో కలవరని తీర్పు చెప్పినట్టే. వార్త రాసేవాళ్ళు ఈ ఒక్క అక్షరభేదం దగ్గర ఆగి చూసుకోవాలి.

విశేషణం కావాలంటే "పొసగని": పొసగని జత, పొసగని మాటలు. నామవాచకం కావాలంటే మాత్రం పొసగు దగ్గర సరైనది దొరకదు, "పొసగకపోవడం" అని పొడుగ్గా చెప్పుకోవాలి. అందుకే నామవాచకం అవసరమైన చోట "పొంతన" అందుకుంటాం. దాని సంగతి తర్వాత వస్తుంది.

రాతలో "పొసుగు", "పోసగదు" రెండూ తప్పే. ఒసగు వేరు, అది ఇవ్వడం.

తీవ్రత కూడా గుర్తుండాలి. పొసగదు మెత్తని మాట. అందులో ఇంకా గొడవ లేదు, ఒకే గదిలో కూర్చోగలరు, కాఫీ తాగగలరు. చిన్న మనస్తాపం ఉంటే "పొరపొచ్చాలు" అనాలి. మాటలు ఆగిపోతే "ఎడమొహం పెడమొహం". ఎప్పుడూ రాజుకుంటూనే ఉంటే "ఉప్పూ నిప్పూ". ఇంకా దాటితే "పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది". పొరపొచ్చాలను ఉప్పూ నిప్పూ చేయడం అబద్ధం కిందికి వస్తుంది, ఉప్పూ నిప్పూను పొరపొచ్చాలు అనడం కప్పిపుచ్చడం. "ఎడ్డెమంటే తెడ్డెం" ఈ వరసలోది కాదు. అది కోపం గురించి కాదు, ఒకరు ఏది అంటే రెండోవారు దానికి అడ్డంగా అనడం గురించి. ఎంతో ప్రేమగా ఉండే మొగుడూ పెళ్ళాలూ ఎడ్డెమంటే తెడ్డెం అనుకోవచ్చు.

పడదు, గిట్టదు

పడదు రెండు చోట్ల వాడతాం. ఇద్దరి మధ్య అయితే పొసగదుకు దగ్గరి చుట్టమే, కాస్త బరువెక్కువ. "అత్తాకోడళ్ళకు పడదు" అంటే చిటపటలు ఉన్నాయన్నమాట. ఒంటికి సంబంధించినదైతే అర్థం వేరు. "నాకు వంకాయ పడదు", "ఆ ఊరి నీళ్ళు పడలేదు". ఇక్కడ కలవనిది ఒంటికీ తిండికీ.

ఇంతకీ "నీళ్ళు పడలేదు" అన్న రెండు ముక్కలకు రెండు అర్థాలున్నాయి. బోరు వేసినవాడు అంటే లోపల నీరు తగల్లేదని. కొత్త ఊరు వెళ్ళినవాడు అంటే ఆ నీళ్ళకు జలుబో విరేచనాలో వచ్చాయని. మాటలో అయోమయం లేదు, ఎవరు అన్నారో కళ్ళెదుటే కనిపిస్తుంది. రాతలో మాత్రం "బోరులో నీళ్ళు పడలేదు", "ఆ నీళ్ళు ఒంటికి పడలేదు" అని ఇంకో ముక్క చేర్చాలి.

డాక్టరు దగ్గర "పడదు" చాలదు. ఈ మాట రెండు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కడుతుంది. ఒక మందు వేసుకుంటే కడుపులో తిప్పితే "పడదు" అంటాం, ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదాలు వాచి ఊపిరి ఆడకపోయినా "పడదు" అనే అంటాం. మొదటిది ఇబ్బంది, రెండోది ఎలర్జీ, ప్రాణం మీదికి తెచ్చేది. మొదటి రకానికి డాక్టరు ఆ మందే భోజనం తర్వాత వేసుకోమని ఇవ్వవచ్చు. రెండో రకానికి ఆ మందు జోలికే వెళ్ళకూడదు. అందుకని "పెన్సిలిన్ పడదు" అని ఆపకుండా నాలుగు ముక్కలు చెప్పాలి: మందు పేరు, వేసుకున్న ఎంతసేపటికి, ఒంట్లో ఏమైంది, ఎన్నాళ్ళ కిందట. "పెన్సిలిన్ ఇంజెక్షను చేసిన పది నిమిషాలకు దద్దుర్లు లేచి ఆయాసం వచ్చింది, అయిదేళ్ళ కిందట." ఈ ఒక్క వాక్యం ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే, మాట్లాడలేని వేళ కూడా పనికొస్తుంది.

గిట్టదు ఒకవైపు మాట. "వాడికి నేనంటే గిట్టదు" అంటే అయిష్టం వాడిది, నాకు వాడంటే ఏమీ లేకపోవచ్చు. పొసగదు, పడదు రెండు వైపులవి. అందుకే "వాళ్ళిద్దరికీ గిట్టదు" అంటే వాక్యం సగంలో ఆగినట్టుంటుంది. ఎవరంటే, ఏదంటే అన్నది ముందు రావాలి: "వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు."

దీనికే బేరంలో ఇంకో వాడుక ఉంది. "ఆ ధరకు గిట్టదు" అంటే పెట్టిన ఖర్చుకూ కష్టానికీ తగినది రాదు అని. గిట్టుబాటు ధర అక్కడి నుంచి వచ్చిందే. మిర్చి క్వింటాకు చెప్పిన ధర, ఎరువులకూ కూలీలకూ పెట్టిన ఖర్చూ కలవనప్పుడు యార్డులో వినిపించేది ఈ మాటే. దీన్ని "నష్టదాయకం" అని మార్చేవాళ్ళున్నారు. మార్చకండి. నష్టదాయకం అంటే నష్టం వస్తుందని మాత్రమే. గిట్టదు అంటే ఆ పని చేసినందుకు తగినది చేతికి రాదని. చేతికి నాలుగు రూపాయలు మిగిలినా కష్టానికి తగినవి కాకపోతే గిట్టలేదనే అంటాడు రైతు, ఆ మాట న్యాయమైనది.

నప్పదు, కలవదు, ఎబ్బెట్టు, అతకదు

కంటికి కనిపించేవాటికి ఈ మాటలు. మొదటి మూడింటినీ కలిపేయడం వల్ల కొట్టులో గంటలు గడిచిపోతాయి.

కలవలేదు అంటే ఒకే రంగు కావాలనుకున్నాం, వచ్చింది కాస్త తేడాగా ఉంది అని. చీర అంచు నిమ్మపండు రంగు, గుడ్డ పసుపుకొమ్ము రంగు. దీనికి మందు ఇంకో షేడు చూపించడం. నప్పలేదు అంటే రంగు రంగుగా బాగానే ఉంది, ఈ చీర పక్కనో ఈ మనిషి ఒంటిమీదో బాగాలేదు అని. దీనికి షేడు మారిస్తే లాభం లేదు, రంగే మార్చాలి. ఎబ్బెట్టుగా ఉంది అంటే చూసేవాళ్ళకు కంటికి గుచ్చుకుంటోంది, సందర్భానికి తగదు అని. ఏడుపింటికి జరీ చీర కట్టుకెళితే రంగులన్నీ కలుస్తాయి, మనిషికి నప్పుతుంది, అయినా ఎబ్బెట్టే. కొట్టులో అబ్బాయితో "బాగాలేదు" అని ఊరుకోకుండా ఈ మూడింట్లో సరైనది చెబితే అతను తీసే తర్వాతి గుడ్డ తాను సరైనది అవుతుంది.

కాంట్రాస్టును వీటిలో దేనితోనూ కలపకూడదు. ఆకుపచ్చ చీరకు ఎర్రంచు పెట్టడం కోరి చేసే ఎదురు. మంగళగిరి చీరల్లో సాదా ఒడలి మీద జరీ అంచు నిలబడేది ఆ ఎదురు వల్లే. తేడా ఉన్నంత మాత్రాన పొసగలేదని కాదు. పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి పైకెత్తితే అది జత, ఒకదాన్నొకటి చంపేస్తే నప్పనిది.

గుడ్డ దగ్గర ఇంకో సంగతి. ట్యూబులైటు కింద కచ్చితంగా కలిసిన రెండు రంగులు ఎండలోకి వచ్చేసరికి విడిపోతాయి. అద్దకానికి వాడిన రంగులు వేరైతే ఒక వెలుతురులో ఒకలా, ఇంకో వెలుతురులో ఇంకోలా కనిపిస్తాయి.  విజయవాడ వస్త్రలత బట్టల సముదాయంలాంటి చోట లోపలి కొట్లలో కొనేటప్పుడు గుడ్డ కోయించకముందే చీర కొంగూ, గుడ్డ చివరా రెండూ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడాలి. 80 సెంటీమీటర్ల ముక్క కోశాక వెనక్కి తీసుకోరు.

అతకదు మాటలకూ కథలకూ వాడే మాట. అతుకు అంటే రెండు ముక్కలు కలిసే చోటు. పక్కన పెట్టినది అంటుకోకపోతే అతకలేదంటాం. "ఆ డైలాగు ముసలాయన నోట అతకలేదు." "చివర్లో పెట్టిన పెళ్ళి కథకు అతకలేదు." ఇక్కడ పొసగలేదు అన్నా తప్పు కాదు. అయితే పొసగలేదు అంటే రెండూ ముందునుంచీ ఉన్నాయి, సర్దుకోలేదు అని. అతకలేదు అంటే ఒకటి ఉండగా ఇంకోటి తెచ్చి తగిలించారు అని. ఎడిటింగు చేసేవాళ్ళకు ఈ తేడా పని చెబుతుంది: అతకనిదాన్ని తీసేస్తే సరిపోతుంది, పొసగనివాటిలో ఏది ఉంచాలో తేల్చుకోవాలి.

మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడం వీటిలో చేరదు. రెండు వస్తువులు ఒకే చోట నిలబడాల్సి ఉండీ నిలబడలేకపోతేనే పొసగలేదంటాం. మోకాలూ బోడిగుండూ ఎప్పుడూ ఒకే చోట నిలబడాల్సిన అవసరమే లేదు. అవి సంబంధం లేనివి.

పొంతన

పెళ్ళి సంబంధాల దగ్గర ఈ మాట బతుకుతోంది. వధూవరుల జాతకాలకు పొంతన చూస్తారు. ఎనిమిది కూటాలు: వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8, మొత్తం 36 గుణాలు. 18కి తగ్గితే పొంతన కుదరలేదంటారు. అంటే పొంతన అన్నది అవునూ కాదూ కాదు, ఎంత అన్నది. ఈ లెక్క గుర్తుంటే మామూలు వాక్యంలోనూ మాట బాగా పడుతుంది. "బొత్తిగా పొంతన లేదు", "అంతగా పొంతన కుదరలేదు" అనవచ్చు. "బొత్తిగా విరుద్ధం" అంత సహజంగా రాదు.

కట్టు "కీ... కీ" అని జంటగా వస్తుంది. "చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదు." "చెప్పేదానితో చేసేదానికి పొంతన లేదు" అని విభక్తులు కలిపేస్తే కుంటుతుంది.

అర్జీలో మాత్రం ఈ మాట వాడకపోవడం మంచిది. పొంతన లేదు అన్నప్పుడు ఎవరో అబద్ధం చెబుతున్నారన్న నీడ పడుతుంది. పత్రికకు ఆ నీడ కావాలి, అర్జీకి వద్దు. భూమి రికార్డుల్లో, అడంగల్‌లో 1 ఎకరం 45 సెంట్లు, 1-బిలో 1 ఎకరం 54 సెంట్లు ఉందనుకోండి. ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారై ఉండవచ్చు. అక్కడ ఇలా రాయాలి: "సర్వే నంబరు ఫలానాలో నా భూమి విస్తీర్ణం అడంగల్‌లో 1 ఎకరం 45 సెంట్లుగా, 1-బిలో 1 ఎకరం 54 సెంట్లుగా నమోదైంది. 9 సెంట్ల తేడా ఉంది. నా దస్తావేజు ప్రకారం 1 ఎకరం 45 సెంట్లు సరైనది. 1-బిలో సవరించగలరు." దస్తావేజు నంబరు, తేదీ రాసి నకలు జతపరచాలి. "రికార్డుల మధ్య తీవ్ర వైరుధ్యం నెలకొంది" అని రాస్తే చదివే గుమాస్తాకు ఏ అంకె మార్చాలో తెలియదు. పేర్ల దగ్గరా అంతే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం ఉంటే "పేరు సరిపోలడం లేదు" చాలు.

మందులు కలిపేటప్పుడు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి వేసే ఊళ్ళలో రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మామూలు. ఇక్కడ మాట తప్పితే పంట పోతుంది, కాబట్టి కరపత్రాలు రాసేవాళ్ళు దీన్ని చదవాలి. "విరుద్ధ స్వభావం గల రసాయనాలను మిశ్రమం చేయరాదు" అని అచ్చయిన వాక్యం పొలంలో ఎవరికీ ఎక్కదు. "ఈ రెండూ పొసగవు, కలపొద్దు" అని రాసి, ఎందుకు పొసగవో ఒక్క ముక్క చేర్చాలి.

జింకు సల్ఫేటూ భాస్వరం ఎరువూ పొసగవు: రెండూ కలిసి కరగని జింకు ఫాస్ఫేటు అవుతుంది, మొక్కకు రెండూ అందవు. అందుకే వాటి మధ్య కొన్ని రోజుల ఎడం పెట్టమంటారు. కాల్షియం నైట్రేటూ మెగ్నీషియం సల్ఫేటూ చిక్కగా కలిపితే కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం, తెల్లటి మడ్డిలా దిగి నాజిల్‌ను పూడ్చేస్తుంది. తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమంలో సున్నం ఉంటుంది, ఆ క్షారంలో చాలా పురుగుమందులు విరిగిపోయి పనికిరాకుండా పోతాయి.

 రెండు మందులు పొసగుతాయో లేదో తేల్చడానికి గాజు సీసా చాలు. పొలంలో వాడే నీళ్ళే లీటరు పోయాలి. ప్యాకెట్ల మీద లీటరుకు ఎంత అని ఉందో అంతే వేయాలి, ఎక్కువ వద్దు. ముందు పొడి మందు, తర్వాత చిక్కటి ద్రవం, తర్వాత నీళ్ళలో పాలలా తెల్లగా అయ్యే ఇ.సి. మందు, చివర జిగురు మందు. ఒక్కోటి వేసినప్పుడల్లా కలపాలి. చేతికి తొడుగులు ఉండాలి. అరగంట కదపకుండా ఉంచి చూడాలి.

చూసినదానికి ఊళ్ళో మాటలే ఉన్నాయి, అవే రాయాలి. పాలు విరిగినట్టు గడ్డలు కట్టిందా? విరిగింది. పైన నూనె తెట్టు తేలిందా? తేలింది. అడుగున మడ్డి కట్టిందా? సీసాను కదిపి చూడాలి. మళ్ళీ కలిసిపోతే పొడి మందుకు అది మామూలే, కదిపినా కలవకపోతే పొసగలేదు. సీసా వేడెక్కినా పొసగనట్టే.

సీసా అన్నీ చెప్పదు. చూపుకు బాగా కలిసిన మందులు ఆకు మీద పడ్డాక మాడ్చవచ్చు. అందుకని ముందు నాలుగు మొక్కల మీద కొట్టి రెండు మూడు రోజులు చూడాలి. ఆకు అంచులు మాడితే అప్పుడు వాడాల్సిన మాట "వికటించింది". పొసగకపోవడం కలిపేటప్పటి మాట, వికటించడం వాడిన తర్వాతి మాట. వైద్యం వికటిస్తుంది, మందు వికటిస్తుంది, ప్రయోగం వికటిస్తుంది. బెడిసికొట్టడం ఇంకా వేరు. ఎత్తు, పన్నాగం, వ్యూహం బెడిసికొడతాయి, వేసినవాడికే తగులుతాయి. "ఇంజెక్షను బెడిసికొట్టింది" అంటే ఎవరో కావాలని చేయబోయారని అర్థం వస్తుంది, జాగ్రత్త.

విరుద్ధం, వైరుధ్యం

వీటిని తరిమేయమని కాదు. వాటి చోట అవే ఉండాలి. చట్టంలో ఇంకో మాటకు తావు లేదు. నిబంధనలకు విరుద్ధం, చట్టవిరుద్ధం, రాజ్యాంగ విరుద్ధం మూడూ మూడు సంగతులు, ఒకదాని బదులు ఇంకోటి రాస్తే వార్త తప్పుతుంది. ఒక చట్టమే రాజ్యాంగ విరుద్ధం కావచ్చు, అప్పుడు దాన్ని చట్టవిరుద్ధం అనలేం. ఉమ్మడి జాబితాలోని అంశంపై పార్లమెంటు చేసిన చట్టమూ రాష్ట్రం చేసిన చట్టమూ విరుద్ధంగా ఉంటే ఏది నిలుస్తుందో రాజ్యాంగంలోని 254వ అధికరణం చెబుతుంది. మామూలుగా పార్లమెంటుదే నిలుస్తుంది, రాష్ట్రచట్టం ఆ విరుద్ధమైన మేరకే చెల్లదు. ఆ "మేరకే" వదిలేసి చట్టం మొత్తం కొట్టేశారని రాయకూడదు.

ఆయుర్వేదంలోనూ విరుద్ధం పారిభాషిక పదం. చేపలూ పాలూ కలిపి తినడాన్ని చరక సంహిత విరుద్ధాహారంగా చెప్పింది. దాన్ని "పడని తిండి" అని తేలిక చేస్తే అర్థం జారిపోతుంది. పడని తిండి ఒక మనిషికి పడనిది, పక్కవాడు హాయిగా తింటాడు. విరుద్ధాహారంలో కలవనివి ఆ రెండు పదార్థాలు.

వైరుధ్యం అన్నదాన్ని మార్క్సిస్టు సాహిత్యం తెలుగు పాఠకుల్లో బాగా నాటింది. శత్రు వైరుధ్యం, మిత్ర వైరుధ్యం, ప్రధాన వైరుధ్యం. విజయవాడ విశాలాంధ్ర, ప్రజాశక్తి ప్రచురణలు చదివినవాళ్ళకు ఇవి ఇంటి మాటలు. అక్కడ వైరుధ్యం అంటే ఒకే వస్తువు లోపల రెండు శక్తులు పోట్లాడుకుంటూ దాన్ని ముందుకు నడపడం. రెండు నివేదికల్లో అంకెలు కలవకపోవడానికి అంత పెద్ద మాట ఎందుకు?

విభక్తి: విరుద్ధానికి "కు" వస్తుంది, "తో" రాదు. విభేదించడానికి "తో" వస్తుంది. "ఒప్పందానికి విరుద్ధం", "ఆయనతో విభేదించారు". "ఒకదానికొకటి పరస్పర విరుద్ధం" అంటే ఒకే మాట రెండుసార్లు, ఏదో ఒకటి తీసేయాలి. విరుద్ధంలో ద కింద ధ ఒత్తు ఉండాలి, "విరుద్దం" తప్పు. మనస్పర్ధలులోనూ ధ ఉండాలి, థ కాదు.

తనను తానే కొట్టేసుకునే మాటకు శాస్త్రంలో వదతో వ్యాఘాతం అని పేరు. "నేను మౌనవ్రతంలో ఉన్నాను" అని నోరు తెరిచి చెప్పడం దానికి పాత ఉదాహరణ. ఇక్కడ పొసగనివి రెండు మాటలు కావు, మాటా ఆ మాట పలకడమూ.

తేదీలకు ఈ సరంజామా ఏదీ అక్కర్లేదు. "రెండు పరీక్షలూ ఒకే రోజు పడ్డాయి" అంటే చాలు. క్లాష్ అయ్యాయి అన్నా అందరికీ తెలుసు, తప్పు లేదు. "పరీక్షల మధ్య ఘర్షణ" అనడం మాత్రం తప్పే. ఘర్షణ అంటే రాసుకోవడం, కొట్టుకోవడం.

పదాలే పొసగనప్పుడు

రెండు పదాలు కలపడంలోనూ ఈ తగువు ఉంది. 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం సమాసాలను సాంస్కృతికం (సంస్కృతపదాలవి), ఆచ్ఛికం (తెలుగు మాటలవి), మిశ్రం (రెండూ కలిసినవి) అని విడగొట్టింది. సంస్కృతపదాన్ని దాని తీరులోనే ముందుంచి వెనక తెలుగు మాట అతికిస్తే వైయాకరణులు దాన్ని వైరి సమాసం అంటారు. పూలతోట బాగుంది, పుష్పవనం బాగుంది, "పుష్పతోట" వైరి సమాసం.

అయితే ఈ నియమాన్ని పట్టుకుని ప్రతి కొత్త కలయికనూ కొట్టిపారేయడం సరికాదు. రైలుప్రయాణం, లాఠీదెబ్బ లాంటివి ఏ వ్యాకరణాన్నీ అడక్కుండా నిలబడ్డాయి, జనం చెవికి అవి పొసగాయి. కొత్తగా ఒక మాట కట్టినప్పుడు దాన్ని మూడుసార్లు పైకి చదవాలి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అతుకు అక్కడ ఉంది. అక్కడ సంస్కృతాన్ని పూర్తిగా సంస్కృతం చేయాలి, లేదా పూర్తిగా తెలుగు చేయాలి, లేదంటే "యొక్క" లాంటివి ఇరికించకుండా రెండు పదాలుగానే విడిచి రాయాలి. మూడోదే ఎక్కువసార్లు బాగుంటుంది.